బంతి వేసినా కాయతొలుచు పురుగు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: బంతి మొక్కలుంటే కాయతొలుచు పురుగు రాదని విని, టమాటా తోట గట్ల వెంట బంతి నాటాను. పురుగు తగ్గకపోగా చివరి కోతల్లో ఇంకా పెరిగింది. లోపం ఎక్కడుంది?

జవాబు: బంతి ఈ పురుగును తరిమే మొక్క కాదు, తనవైపు పిలిచే మొక్క. అందుకే దీన్ని ఎర పంట అంటారు. తల్లి రెక్కల పురుగు మొగ్గా పూవూ ఉన్న మొక్కను వెతుక్కుంటూ వచ్చి గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది కాబట్టి, టమాటా పూతకు వచ్చే నాటికి బంతి కూడా పూతలో ఉంటేనే ఎర పనిచేస్తుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసులో 25 రోజుల టమాటా నారుతో పాటు 40 నుంచి 45 రోజుల బంతి నారును నాటమని చెప్పడం, ప్రతి 16 టమాటా సాళ్లకు ఒక బంతి సాలు వేయమనడం ఇందుకే. రెండు నార్లూ ఒకే వయసువైతే టమాటా ముందుగా పూసి, గుడ్లు దానిమీదే పడతాయి. పైగా మీరు గట్ల మీద మాత్రమే నాటడంతో నడిమి సాళ్లకు ఎర దక్కలేదు.

చివరి కోతల్లో పురుగు పెరగడానికి మరో కారణం ఉండవచ్చు. ఒక బంతి పూవును కోసి రేకులు విడదీసి చూడండి. గసగసాల గింజ కన్నా చిన్నవైన లేత పసుపు గుడ్లు, కాస్త లోపల నల్లని రెట్ట, దాని వెనుక ముడుచుకున్న పిల్ల పురుగు కనిపిస్తాయి. ఆ పూలను అలాగే వదిలేస్తే లోపలి పురుగు ఎదిగి, నేలలోకి దిగి ప్యూపాగా మారి, మళ్లీ రెక్కల పురుగై మీ టమాటా మీదికే వస్తుంది. పట్టించుకోని ఎర పంట పురుగులకు పుట్టిల్లే అవుతుంది. పురుగు పట్టిన మొగ్గలనూ పూలనూ రెండు మూడు రోజులకోసారి తెంపి నాశనం చేయాలి. ఈ పనికి తీరిక లేకపోతే బంతి వేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

వేరుశనగ, మిరప చేలల్లో పొగాకు లద్దె పురుగు కోసం వేసే ఆముదానికీ ఇదే నియమం. ఆముదపు ఆకు అడుగున గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనిపిస్తే ఆ ఒక్క ఆకు తుంచివేయడంతో వందల పురుగులు పోతాయి. పిల్ల పురుగులు గుంపుగా ఉండి ఆకుపచ్చని గోకి తినడం వల్ల జల్లెడలా మారిన ఆకును గుర్తించడమూ తేలికే. అవి పెద్దవై చెదిరిపోయాక, పగలంతా దాక్కుని రాత్రిపూట మేస్తాయి కనుక చేతికి అందవు.

ప్రశ్న: అంతర పంట పురుగులను ఆపేది వాసనతోనేనా?

జవాబు: వాసన ఒక కారణం మాత్రమే. ఒకే పంట విస్తారంగా ఉన్నచోట దాన్నే తినే పురుగు తేలికగా చేరి, అక్కడే నిలిచిపోతుందని 1973లో జీవావరణ శాస్త్రవేత్త రిచర్డ్ రూట్ వివరించారు. పంటలు కలిసి ఉన్నప్పుడు పురుగు తనది కాని ఆకుపై వాలి, మళ్లీ ఎగిరి, ఆ వెతుకులాటలో కొంతమేరకు చెదిరిపోతుంది.

వాసనను పద్ధతి ప్రకారం వాడుకున్న చక్కని ఉదాహరణ తూర్పు ఆఫ్రికాలో ఉంది. కెన్యా కేంద్రంగా పనిచేసే ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ, బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంతో కలిసి 1990లలో దీన్ని రూపొందించింది. మొక్కజొన్న సాళ్ల మధ్య వేసిన డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క వాసన కాండం తొలుచు పురుగు తల్లిని బయటికి నెడుతుంది, చేను చుట్టూ ఉన్న నేపియర్ గడ్డి దాన్ని లాక్కుంటుంది. ఆ గడ్డిలోకి తొలుచుకుపోయే పిల్ల పురుగులు అది విడిచే జిగురుకు చిక్కి చాలావరకు చనిపోతాయి. డెస్మోడియం మొక్కజొన్న వేళ్లపై బతికే స్ట్రైగా కలుపును కూడా అణచివేస్తుంది. డెస్మోడియం, నేపియర్ రెండూ పశువుల మేతకు పనికివస్తాయి కాబట్టి ఆ నేల వృథా కాదు.

ఇక మిత్రపురుగుల సంగతి. పత్తిలో వేసిన అలసందపై నల్ల పేనుబంక చేరగానే కంగారుపడి మందు కొట్టకండి. దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగులే పత్తి మీది పేనుబంకనూ తింటాయి. కొత్తిమీరను కొంత పూతకు వదిలితే, గుడ్లపై బతికే సన్నని పరాన్నజీవి కందిరీగలకు ఆ చిన్న పూలలో తేనె దొరుకుతుంది.

ప్రశ్న: వంగలో అక్కడక్కడా బంతి నాటితే వేరుముడి నులిపురుగులు పోతాయా?

జవాబు: అక్కడక్కడా నాటితే పెద్దగా ప్రయోజనం ఉండదు. బంతి వేళ్లలో ఉండి నులిపురుగులను చంపే ఆల్ఫా టెర్తియెనిల్ అనే రసాయనం ప్రభావం ఆ వేళ్లకు దగ్గరగానే ఉంటుంది. వంగకు ముందు అదే మడిలో బంతిని దట్టంగా, రెండు మూడు నెలలు పంటగా పెంచి, ఆ తర్వాత వంగ నాటండి.