గర్భంలో ఉండాల్సిన దారి, పుట్టాక మూసుకోకపోతే

ప్రశ్న: మా పాప 30 వారాలకే పుట్టింది. పుట్టగానే ఆయాసపడటంతో ఊపిరితిత్తుల్లోకి మందు పంపి, సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రం) మీద ఉంచారు. తర్వాత ఎకో తీసి, గుండె దగ్గర ఒక రక్తనాళం మూసుకోలేదని, దాన్ని పీడీఏ అంటారని చెప్పారు. ఐదో నెల స్కాన్‌లో గుండె బాగానే ఉందన్నారు. అప్పుడు కనిపించని లోపం ఇప్పుడెలా వచ్చింది? నేను బరువులు ఎత్తడం వల్లనా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు బరువులు ఎత్తడానికీ, ఆ నాళం మూసుకోకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. స్కాన్‌లో డాక్టర్ల కంటపడకుండా తప్పిపోయిన లోపం కూడా కాదది. గర్భంలో ప్రతి బిడ్డకూ ఆ నాళం తెరుచుకునే ఉంటుంది, ఉండి తీరాలి.

గర్భస్థ శిశువు గుండె ఫలదీకరణ జరిగిన మూడు, నాలుగు వారాలకే కొట్టుకోవడం మొదలుపెట్టి, ఎనిమిదో వారానికి నాలుగు గదులుగా రూపుదిద్దుకుంటుంది. ఊపిరితిత్తులు మాత్రం కాన్పు అయ్యేదాకా, తాము స్రవించిన ద్రవంతోనే నిండి ఉంటాయి; బిడ్డకు కావలసిన ఆక్సిజన్ తల్లి రక్తం నుంచి మావి ద్వారా అందుతుంది. అందుకే ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకెళ్లే పుపుస ధమనిలోకి వచ్చిన రక్తంలో అధిక భాగం ఊపిరితిత్తులకు పోకుండా, డక్టస్ ఆర్టీరియోసస్ అనే ఈ చిన్న నాళం గుండా నేరుగా, ఒళ్లంతటికీ రక్తం పంపే బృహద్ధమనిలోకి మళ్లుతుంది. పుట్టాక కూడా ఇది తెరుచుకునే ఉంటే దాన్నే పీడీఏ (పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్) అంటారు.

బిడ్డ పుట్టి ఊపిరి తీసుకోగానే ఊపిరితిత్తులు విచ్చుకుని, అక్కడి రక్తనాళాల్లో పీడనం తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్ పెరగడం, అంతవరకూ నాళాన్ని తెరిచి ఉంచిన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తగ్గిపోవడం వల్ల నాళం గోడలోని కండరం ముడుచుకుంటుంది. నెలలు నిండిన బిడ్డల్లో సాధారణంగా మూడు రోజుల్లోగా ఈ పని జరిగిపోతుంది. మీ పాపలాగా ముందుగా పుట్టిన బిడ్డల్లో ఆ కండరం ఆక్సిజన్‌కు అంతగా స్పందించదు, ప్రోస్టాగ్లాండిన్ల ప్రభావానికి మాత్రం ఎక్కువగా లోనవుతుంది. కాబట్టి దీన్ని లోపం అనడం కంటే, ఎదుగుదల పూర్తికాని దశ అనడమే న్యాయం.

ఊపిరితిత్తుల్లోకి పంపిన మందు సర్ఫాక్టెంట్ అయి ఉండాలి. గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే ఈ పదార్థం సుమారు 24వ వారంలో తయారు కావడం మొదలై, 34, 35 వారాలకు గానీ సరిపడా సమకూరదు. అది చాలకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు మూసుకుపోతాయి. వాటిని మళ్లీ తెరవడానికి బిడ్డ డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ అవస్థ పడుతుంది. ఈ కారణాన్ని 1959లో మేరీ ఎల్లెన్ ఏవరీ, జెరె మీడ్ బయటపెట్టారు. అయినా 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ సుమారు ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఇదే జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. అప్పటికి సర్ఫాక్టెంట్ చికిత్స లేదు. జపాన్‌లో ఫుజివారా బృందం ఆ చికిత్స ఫలించిందని ప్రకటించింది 1980లో. ప్యాట్రిక్ కంటే సుమారు నాలుగున్నర వారాలు ముందే పుట్టిన మీ పాపకు ఆ మందు వేళకు అందింది.

ఇక పీడీఏ సంగతి. ఊపిరితిత్తుల్లో పీడనం తగ్గేసరికి, ఆ నాళంలో రక్తం దిశ మార్చుకుని బృహద్ధమని నుంచి ఊపిరితిత్తుల వైపు పారుతుంది. నాళం సన్నగా ఉంటే ఇబ్బంది ఉండదు, చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది. పెద్దదైతే ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువై, శ్వాసకు ఇస్తున్న యంత్రం ఆసరా తీసేయడం కష్టమవుతుంది. అప్పుడు ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మందులు ఇస్తారు. అవి ఫలించకపోతే చిన్న పరికరంతోనో, ఆపరేషన్‌తోనో మూస్తారు. ఆ మందులు తెలిసిన పేర్లే అయినా, వాటిని సొంతంగా ఇవ్వకండి. ఈ వయసులో మోతాదు, సమయం వైద్యులే నిర్ణయించాలి.

ఇంటికి వెళ్లాక, పాలు తాగుతూ చెమటలు పట్టినా, మధ్యలో అలసిపోయి వదిలేస్తున్నా, బరువు పెరగకపోయినా త్వరగా వైద్యులకు చూపించండి. నిద్రలో కూడా నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీసుకుంటున్నా, నాలుక, పెదవులు నీలంగా మారినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.