వేసవి సెలవుల్లో క్యాంపస్ మిషన్‌కు వేరే దేశం వెళ్లడం మంచిదేనా?

ప్రశ్న అడిగినవారిది నెల్లూరు. తమ్ముడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఇంటర్న్‌షిప్ వెతుక్కోవలసిన వేసవిలో ఒక క్రైస్తవ విద్యార్థి బృందంతో మరో దేశం వెళ్లి, అక్కడి కళాశాలల్లో సువార్త పని చేస్తానంటున్నాడు. ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారు, పంపమంటారా వద్దంటారా అని అడిగారు.

పంపండి. కానీ ఒక షరతు పెట్టి పంపండి. ఆ బృందం తానెవరో మొదటి రోజే, మొదటి మాటలోనే చెప్పేది అయి ఉండాలి. ఎందుకంటున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. మాది ఒంగోలు. అమెరికాలో చదువుకునే రోజుల్లో నేనూ ఇలాగే ఒక వేసవి జపాన్ వెళ్లాను.

ముందు వీసా సంగతి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు దేశం దాటే ముందు, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణపు సంతకం ఉందో లేదో చూసుకోవాలి. అది ఏడాది లోపు చేసినదై ఉండాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు తిరిగి వచ్చే రోజుకు మిగిలి ఉండాలి. బృందంలోని అమెరికన్ పిల్లలకు జపాన్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు, మనకు కావాలి. అందుకని ఆ ఆలోచనే నాయకులకు తట్టదు. "టికెట్లు తీశాం, రండి" అంటారు. మీ తమ్ముడే ముందుగా అడిగి తెలుసుకోవాలి. దరఖాస్తులో వెళ్లే పని ఏమిటో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇందులో దాపరికం పనికిరాదు. మన దేశంలో కూడా పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయులు మతప్రచారం చేయకూడదు కదా! నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదని చాలామంది తేలిగ్గా బయలుదేరుతారు. అక్కడ 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం, ఐదేళ్ల వరకు జైలు. పిల్లల్ని అక్కడికి పంపేవాళ్లు ఈ మాట ముందుగా చెప్పకపోతే అది ద్రోహమే అంటాను నేను.

డబ్బు సంగతి మరోలా ఉంటుంది. ఈ బృందాల్లో ఎవరి ఖర్చు వాళ్లే ఉత్తరాలు రాసి సమకూర్చుకోవాలి. అమెరికన్ పిల్లలు బంధువులకు, చర్చి పెద్దలకు రాస్తారు, అడగడంలో వాళ్లకు మొహమాటం లేదు. మనకు అది చచ్చేంత కష్టం. ఒంగోలులో మా సంఘానికి నేను రాసిన ఉత్తరం మా అమ్మ స్త్రీల సమాజంలో చదివింది. మా అమ్మకు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం అలవాటు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్తుంది. ఆ నెలల్లో తనలాంటి మరికొందరి పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు నాకు పంపారు. విమానం టికెట్‌లో అది ఏ మూలకూ రాదు. అయినా నా బృందంలో ఎవరికీ అంత భయంతో ఖర్చుపెట్టవలసిన డబ్బు రాలేదు.

ఇంటర్న్‌షిప్ విషయంలో మాత్రం మీ నాన్నగారి భయం న్యాయమైనదే. రెండేళ్ల ఎం.ఎస్.లో మధ్యలో ఉండేది ఒకే వేసవి. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఉంటే, దాన్ని తీర్చే భారం ఎవరి మీద పడుతుందో వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా వెళ్లడం భక్తి అనిపించుకోదు. నాకు ప్రొఫెసర్ దగ్గర పని దొరికి ఫీజు తగ్గింది కాబట్టి మా నాన్నగారు ఒప్పుకున్నారు. లేకపోతే నేనే అడిగేదాన్ని కాదు.

ఇక జపాన్. అక్కడ కళాశాలలు ఏప్రిల్‌లో మొదలై జులై చివర దాకా నడుస్తాయి. అమెరికాకు సెలవులు ఇచ్చాక కూడా వాళ్లకు తరగతులు ఉంటాయి కాబట్టి జూన్, జులైలలో వెళ్తే క్యాంపస్ నిండుగా ఉంటుంది. అది వాళ్ల వానాకాలం. మేము ఉన్నది టోక్యోకు పడమరన హచియోజీలో. ఆ ఊళ్లో విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. ఒకదాని భోజనశాల పక్కన గది తీసుకుని మధ్యాహ్నం పూట విద్యార్థులతో ఇంగ్లీషులో మాట్లాడటం మా పని. బయట అట్టముక్క మీద "ఉచిత ఇంగ్లీషు సంభాషణ, అందరూ రావచ్చు" అని మాత్రమే రాసి ఉండేది. లోపల మాటలు కలిశాక, వారం పది రోజులకు, బైబిలు చదువుదామా అని అడగాలి. ఇదీ మాకు శిక్షణలో చెప్పిన పద్ధతి.

ఒకరోజు పట్టపగలే చీకటి పడ్డట్టు వాన. గదిలో ముగ్గురు నలుగురే ఉన్నారు. రెండో సంవత్సరం ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి రోజూ వచ్చి నా ఎదుటి కుర్చీలోనే కూర్చునేవాడు. ప్రతి వాక్యం మొదలుపెట్టే ముందు లోపల ఒకసారి చదువుకుని, తర్వాత పైకి అనేవాడు. ఆ రోజు గొడుగును ప్లాస్టిక్ సంచిలో దోపి, కుర్చీ కాలికి ఆనించి, సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చేరిన మొదటి వారంలో విశ్వవిద్యాలయం వాళ్లు అందరికీ ఇచ్చిన హెచ్చరిక అట. పేరు చెప్పకుండా స్నేహం చేసి, ఆటలకో చదువుకో పిలిచి, చివరికి మతంలోకి లాగే బృందాలు క్యాంపస్‌లో తిరుగుతుంటాయి, జాగ్రత్త అని దాని సారాంశం. ఒక్కొక్క వరుసనూ వేలితో చూపిస్తూ నాకు ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పి, తల ఎత్తకుండానే, "మీరు ఇవాళ్టి దాకా మీ బృందం పేరు చెప్పలేదు, ఎందుకని?" అన్నాడు.

ఆ కాగితం ఊరికే పుట్టింది కాదు. 1995లో ఓమ్ షిన్‌రిక్యో అనే మతబృందం టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలి మనుషుల్ని చంపింది. ఆ పని చేసినవాళ్లలో మంచి విశ్వవిద్యాలయాల్లో చదివిన శాస్త్రవేత్తలు, వైద్యులు ఉన్నారు. అప్పటి నుంచి అక్కడి తల్లిదండ్రులకు, అధ్యాపకులకు క్యాంపస్‌లో మతం అనే మాట వింటేనే గుండె దడ. మన పిల్లలకు ఇది ఎవరైనా చెప్పి పంపుతున్నారా? మాకు మాత్రం చెప్పలేదు.

నేను ఆ అబ్బాయికి సూటిగానే చెప్పాను. మేము క్రైస్తవ విద్యార్థులం, యేసును గురించి చెప్పాలనే వచ్చాం, నీకు ఇష్టం లేకపోతే బైబిలు జోలికి రావద్దు, ఇంగ్లీషు మాత్రం మేము ఉన్నన్నాళ్లూ ఉంటుంది అన్నాను. అతను ఇంకా కాగితం మీదే చూస్తున్నాడు. అప్పుడు మా ఊరి కథ చెప్పాను. మా నాయనమ్మ చెప్పగా చెప్పగా నాకు కంఠస్థమైన కథ అది.

1876 నుంచి 78 దాకా మన ప్రాంతమంతా ధాత కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకున్నాడు, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరకాలని. మా నాయనమ్మ వాళ్ల తాత మాదిగపల్లె నుంచి వెళ్లి ఆ కాలువలో మట్టి మోశాడు. పని చేసేవాళ్లలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వలేదు. కూలి కోసమో తిండి కోసమో దేవుణ్ణి ఒప్పుకున్నారనే మాట రాకూడదని, కరువు సాయం సాగినంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు. ఇక డబ్బులు లేవు, మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు అని తేల్చి చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇద్దరు బోధకులు నీళ్లలో నిలబడటం, వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగడం. వెట్టి చేసి, చెప్పులు కుట్టి, ఊరి బయట బతికిన మనుషులు తమంతట తాముగా నడిచి వచ్చిన రోజు అది. దొర ఇచ్చిన కూలి కోసం మారారని మమ్మల్ని ఎవరైనా అంటే మా నాయనమ్మ ఆ తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పేది.

ఆ అబ్బాయి ఇదంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కరువులో తిండి, ఇక్కడ ఇంగ్లీషు, రెండూ ఒకటేనా?" అని అడిగాడు. ఒకటే అన్నాను. అవసరంలో ఉన్నవాడికి అందే ఏ సాయమైనా గాలానికి గుచ్చిన ఎర కాకూడదు.

ఆ సాయంత్రం బృందంలో పెద్ద చర్చ అయింది. అట్టముక్క మీద మా పేరు, మేము క్రైస్తవులమన్న సంగతి రాద్దామన్నాను. రాస్తే ఎవరూ రారు అన్నారు నాయకులు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లు నేర్చుకున్న పద్ధతి అంతే. నేను వాళ్ల దేశపు బాప్టిస్టు మిషన్ చరిత్రే వాళ్లకు చెప్పవలసి వచ్చింది! క్లౌ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఒంగోలులో పసిపిల్లలకు తెలిసిన పేరు అది. చివరికి ఒప్పుకుని రాశారు. వచ్చేవాళ్లు సగానికి తగ్గారు. మిగిలిన సగం మంది మాత్రం అంతకుముందు అడగని ప్రశ్నలు అడిగారు. చనిపోయిన తాతముత్తాతల గురించి, ఇంట్లో పూజాపీఠం గురించి, నమ్మితే తల్లికి ఏం చెప్పాలి అన్నదాని గురించి. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరు. అలాంటి చోట నమ్మడమంటే ఇంటిల్లిపాదినీ ఎదురుగా నిలబెట్టుకోవడమే. ఆ కాగితం తెచ్చిన అబ్బాయి ఆఖరి రోజు దాకా వచ్చాడు, ఇంగ్లీషుకే. బైబిలు తెరవలేదు. ఆ వేసవిలో నా మనసుకు దగ్గరైన మనిషి అతనే.

నాకు కోపం తెప్పించినది మరొకటి ఉంది. వారం వారం ఒక పత్రం నింపాలి. ఎందరికి చెప్పారు, ఎందరు ప్రార్థించారు, ఎందరు నిర్ణయం తీసుకున్నారు. ఆ కాగితం తెచ్చిన అబ్బాయిని ఏ గడిలో వేయాలి? ఇలాంటి పత్రాలు ఆ కాలంలో ఉండి ఉంటే క్లౌ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఎప్పుడో మూతపడేది. 1836లో వచ్చి 1840లో నెల్లూరు చేరిన తొలి మిషనరీ శామ్యూల్ డే దగ్గర నుంచి లెక్కేస్తే, ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామని అమెరికాలో చర్చలు జరిగాయి. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసినవాళ్లు ఐదుగురు. మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, నెల్లూరు నుంచి వెంట వచ్చిన ముగ్గురు తెలుగువాళ్లు. వాళ్లు ప్రార్థనలో అడిగిన మిషనరీ, అంటే క్లౌ, ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు ఏ గడిలో రాస్తారు?

ఇక్కడ మన వాళ్లకూ ఒక మాట చెప్పాలి. విదేశాల్లో కొన్ని రోజులు ఉండి వస్తే చాలు, ఒంగోలులో, కావలిలో, నెల్లూరులో కూడళ్ల దగ్గర ఫ్లెక్సీలు కడతారు, "అంతర్జాతీయ దైవసేవకులు" అని. పక్కన విమానం బొమ్మ. నేను తిరిగి వచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. ఆ అబ్బాయి సంగతి చెప్తే, "అయితే ఎందరు రక్షణ పొందారమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన ప్రేమతోనే అడిగారు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. పిడికెడు బియ్యం ఇచ్చిన అమ్మలు మాత్రం ఆ అబ్బాయి పేరు అడిగి ప్రార్థనల పుస్తకంలో రాసుకున్నారు.

మీ తమ్ముడు బయలుదేరే ముందు బృందం నాయకుణ్ణి బయట బోర్డు మీద ఏం రాస్తారో, వారం చివర ఏం లెక్కపెడతారో అడగమనండి. సరైన జవాబు వస్తే వెళ్లనివ్వండి. రాకపోతే, వేసవి అంతా అమెరికాలోనే ఉండి పని చేసుకోమనండి. అమెరికా క్యాంపస్‌లో ఒంటరిగా అన్నం తినే విదేశీ విద్యార్థులు తక్కువేమీ కాదు.

మన దగ్గర యు.ఇ.ఎస్.ఐ. అనే క్రైస్తవ విద్యార్థుల సంఘం 1954 నుంచి ఈ పనే చేస్తోంది, విద్యార్థులే నడుపుకుంటూ, చేతి నుంచి ఖర్చు పెట్టుకుంటూ. మన సంఘాలు వాళ్లను ఎంత పట్టించుకుంటున్నాయి? నేను ఇప్పుడు ఒంగోలు దగ్గరే ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్తున్నాను. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో ఉన్నారు. పండగ రోజుల్లో వాళ్లకు వెళ్లడానికి ఒక్క ఇల్లు లేదు. శనివారం సాయంత్రాలు వాళ్లు వచ్చి కూర్చోవడానికి గుడి వెనక గది ఇవ్వమని, తలుపు మీద మన పేరు స్పష్టంగా రాద్దామని పెద్దలను అడిగాను. కమిటీలో పెడతామన్నారు. ఈ నెల కూడా అడుగుతాను.