తనిఖీకి ముందు ట్యాంకు ఖాళీ చేయించకండి

సెప్టిక్ ట్యాంకు తనిఖీకి వస్తున్నారు, ముందే ఖాళీ చేయించాలా అని అడిగారు కదండీ. నోటీసులో అలా రాసుంటే తప్ప వద్దు. వచ్చినవాళ్లు మొదట చూసేది నీటిమట్టాన్నే. అది బయటికి పోయే పైపు అడుగు అంచుకు సరిగ్గా ఉండాలి. పైకి ఉంటే ఆ పైపు గానీ, ట్యాంకు నీరు నేలలోకి ఇంకే ఇంకుడు కాలువలు గానీ పూడుకుపోయాయన్నమాట; కిందికి ఉంటే ట్యాంకు కారుతున్నట్టే. ఖాళీ ట్యాంకులో ఇవేవీ తెలియవు.

మడ్డి ఎంతుందో మాత్రం చూసుకోండి. పొడవాటి కర్ర చివర మూడడుగుల మేర తెల్ల తువ్వాలు చుట్టి, బయటికి పోయే పైపు దగ్గర అడుగంటా దింపి, రెండు మూడు నిమిషాలు ఉంచి మెల్లగా తీయండి. నల్లగా అంటినంత మేర మడ్డి. దాని పైభాగం, బయటికి పోయే పైపుకు ట్యాంకు లోపల బిగించిన టీ (T ఆకారపు పైపు ముక్క) కింది మూతికి 12 అంగుళాల లోపుకొచ్చినా, పైన తేలే తెట్టు అడుగు ఆ మూతికి 6 అంగుళాల లోపుకు దిగినా, తనిఖీ అవగానే తీయించాల్సిందే.

ఆ టీ ఊడిపోయిందేమో కూడా చూడండి. అది లేకపోతే తెట్టు నేరుగా ఇంకుడు కాలువల్లోకి పోయి వాటిని పాడుచేస్తుంది. పైపు సైజుకు సరిపడా పీవీసీ టీ, మామూలుగా 4 అంగుళాలది, బిగిస్తే చాలు.

రెండు మూతల మీదా మట్టి తీసి ఉంచండి. ఒంటరిగా మూత ఎత్తొద్దు, లోపలికి తల వంచొద్దు. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది.