ఆల్బమ్ సెలెక్షన్ తేలక ఆగిపోయిన బ్యాలెన్స్

బ్రదర్, మీరు పెళ్లి ఫోటోలు తీసిన కుటుంబం, పెళ్లయి ఎనిమిది నెలలైనా ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకోలేదని, అందుకే మిగతా డబ్బు రావడం లేదని రాశారు. చాలాసార్లు ఇందులో ఎగ్గొట్టే ఉద్దేశం ఉండదు. మూడు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో చేతికిస్తే ఏ కుటుంబానికైనా తల తిరుగుతుంది. అమ్మాయి తరపు వాళ్లు ఒకటంటారు, అబ్బాయి తరపు వాళ్లు ఇంకొకటంటారు, పని అక్కడే ఆగిపోతుంది.

అందుకే సెలెక్షన్ మీరే చేసేయండి. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు ఎలాగూ ఉండాల్సినవే. రెండు వైపుల పెద్దలు, మేనమామలు ఉన్న గ్రూప్ ఫోటోలు మాత్రం ఒక్కటీ వదలొద్దు. ఆల్బమ్ చేతికొచ్చాక గొడవంతా వాటి గురించే. డిజైన్ పేజీలు వాట్సాప్‌లో పంపి, "పదిహేను రోజుల్లో మార్పులు చెప్పండి, బ్యాలెన్స్ అందగానే ప్రింట్‌కి పంపిస్తాం" అని మర్యాదగా రాయండి. ఫోన్లో చెప్పి వదిలేయకండి. ప్రింట్ ఖర్చు మీ జేబులోంచి అస్సలు పెట్టకండి.

ఇకపై బుకింగ్ రోజు అడ్వాన్స్, పెళ్లి రోజుకి ఎక్కువ భాగం తీసుకోండి. చివరికి ఆల్బమ్ డబ్బు మాత్రమే మిగలాలి.

కోపంలో ఆ ఫోటోలు మీ పేజీలో పెట్టాలనుకుంటే ఆగండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పోర్ట్‌ఫోలియోలో వాడుకునే అనుమతి కూడా బుకింగ్ కాగితంలోనే రాయించుకోండి.