రిసెప్షన్ పెళ్లికి ముందురోజా, పెళ్లయ్యాకా?

అమ్మాయిది తిరుపతి, మీది విజయవాడ, రిసెప్షన్ ముందురోజు సాయంత్రమే పెడతామని అమ్మాయివాళ్లు అంటుంటే మీ ఇంట్లో ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలని అడిగారు. ముందురోజే పెట్టుకోండి. మా తిరుపతి, చిత్తూరు వైపు అదే వాడుక, పక్కన తమిళనాడులోనూ అంతే.

ఇక్కడ కళ్యాణ మంటపం బాడుగకిచ్చేదే ముందురోజు మధ్యాహ్నం నుంచి పెళ్లిరోజు మధ్యాహ్నం దాకా. ఒకటే బాడుగ, వంటవాళ్లూ వాళ్లే, పూలూ అవే. ముహూర్తం తెల్లవారుజామున పడితే దానికి నిలబడేది దగ్గరి చుట్టాలే. ఆఫీసువాళ్లు, వీధివాళ్లు, నాయన స్నేహితులు అందరూ వచ్చేది సాయంత్రం. పెద్ద వంట కూడా అప్పుడే.

తాళి కట్టకముందే పక్కపక్కన ఎట్లా కూర్చోబెడతారని మీ పెద్దవాళ్లు అంటారు. అదే సాయంత్రం ముందుగా తాంబూలాలు మార్చుకుని లగ్నపత్రిక చదివించేయండి. ఆపైన అనడానికేముంది?

అసలు పట్టించుకోవాల్సింది వేరే. చిత్తూరులో మా చెల్లెలి కూతురి రిసెప్షన్‌కు కార్డులో ఏడు గంటలని వేశాం. ఏడుకల్లా మంటపం నిండిపోయింది. అమ్మాయి మేకప్ గదిలోనే ఉంది. తీరా బయటికొస్తే ఫోటోగ్రాఫర్ పట్టుకున్నాడు. మెట్ల దగ్గరొకటి, పూల తోరణం కిందొకటి, చేయి ఇట్లా పెట్టమ్మా, తల అట్లా తిప్పు సార్! కింద ముందు వరుసలో మా బావకు చిన్నప్పుడు చదువు చెప్పిన అయ్యవారు కూర్చోనున్నారు. బంగారుపాళ్యం దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చారు, చక్కెర జబ్బు మనిషి. భోజనానికి లేవండంటే "పిల్లోళ్లకు అక్షింతలు వేసి తింటాను నాయనా" అన్నారు. తొమ్మిది దాటింది. ఊరికి పోయే ఆఖరి బస్సు టైమయింది. చదివింపుల కవరు నా చేతిలో పెట్టి, "నేను దీవించినానని చెప్పు" అని లేచారు. తినలేదు, తాంబూలం సంచీ తీసుకోలేదు. బండి మీద బస్టాండు దాకా దించొచ్చాను. తెల్లారి విషయం తెలిసి మా బావ పెళ్లి పీటల దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఫోటోగ్రాఫర్ మీద నాకిప్పటికీ కోపం పోలేదు.

కాబట్టి ఫోటోలన్నీ నాలుగింటికే తీయించేయండి. కార్డులో వేసిన టైముకి జంట స్టేజి మీద ఉండాలి. ముసలివాళ్లను లైన్లో నిలబెట్టకుండా ఇంటివాళ్లెవరైనా చేయిపట్టి పైకి తీసుకుపోవాలి. భోజనాలు ఆరున్నరకే మొదలుపెట్టండి, అదీ బంతిలో కూర్చోబెట్టి ఆకేసి. పళ్లెం పట్టుకుని బఫేలో నిలబడి తినడం పెద్దవాళ్లకు మర్యాద కాదు. మాట వినబడనీయని ఆ డీజే పెట్టెలు అసలే వద్దు. నాదస్వరం చాలు.

మీవాళ్లు ఎంతకీ వినకపోతే ఇంకో దారుంది. పెళ్లి తిరుమలలో, పాపవినాశనం రోడ్డులో ఉన్న కళ్యాణ వేదికలో చేసుకోండి. 2016 నుంచి టీటీడీ అక్కడ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమ, కంకణాలు అన్నీ వాళ్లవే. రెండు వైపులా తల్లిదండ్రులు మాత్రం రావాలి. సాయంత్రం కింద తిరుపతిలో రిసెప్షన్ పెడితే పెళ్లయ్యాక పెట్టినట్టే, మీ పెద్దవాళ్ల పట్టింపూ తీరుతుంది. కొండ దిగొచ్చాక పిల్లలు కాసేపు నిద్రపోయేంత వ్యవధి ఉంచి టైము వేయండి. మంటపం బస్టాండుకు దగ్గర్లో దొరికితే మరీ మంచిది.