వారంటులో డోర్ నంబరు తప్పు పడితే దొరికిన సొత్తు చెల్లకుండా పోతుందా?

సెర్చ్ వారంటులో మీ అన్నగారి ఇంటికి బదులు పక్కింటి డోర్ నంబరు పడిందని, ఆ కారణంతో లోపల దొరికిన సొత్తును కోర్టు పక్కన పెడుతుందా అని అడిగారు. ఆ ఒక్క తప్పుతోనే పెట్టదు. ప్రొద్దుటూరులో నగల పని చేసే మా మేనమామ గారి కేసులో మేమూ ఇదే ఆశతో ఆరు నెలలు వృథా చేసుకున్నాము.

అమెరికాలో మ్యాప్ అనే మహిళ కేసులో 1961లో వచ్చిన తీర్పు తరువాత అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని రాష్ట్రాల కోర్టులు కూడా మినహాయించవలసి వచ్చింది. మన దారి వేరు. సోదా చట్టవిరుద్ధమైనా, రాజ్యాంగమో చట్టమో స్పష్టంగా గానీ అంతర్లీనంగా గానీ నిషేధిస్తే తప్ప, సంబంధమున్న సాక్ష్యాన్ని తోసిపుచ్చనక్కరలేదని 1973 డిసెంబరులో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. గంజాయి వంటి కేసుల్లో ఒంటి సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుటే సోదా కోరుకోవచ్చని చెప్పవలసిన హక్కు గురించి 1999లో బల్దేవ్ సింగ్ తీర్పు గట్టిగా మాట్లాడింది గానీ, మీది దొంగసొత్తు కేసు గనుక అది అక్కరకు రాదు.

మా వకీలు గారు వారంటును పక్కకు నెట్టి మధ్యవర్తుల నివేదిక, అంటే సోదాకు సాక్షులుగా పిలిచినవారు సంతకం చేసిన కాగితం, అడిగారు. పోలీసులు వేరే జిల్లా నుంచి వస్తూ ఇద్దరు మధ్యవర్తులనూ తమ జీపులోనే వెంట తెచ్చుకున్నారు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతపు పెద్దమనుషులనే పిలవాలి; వారు దొరకకపోతేనో, రామంటేనో బయటివారిని పిలవవచ్చు. పొద్దున పదకొండింటికి మా నగల బజారులో మనుషులు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? పైగా నివేదికలో 38 గ్రాములని రాసిన బంగారు కడ్డీ కోర్టులో దాఖలు చేసేనాటికి 35 గ్రాములే తూగింది. కొట్టు లోపలికి తాను అడుగే పెట్టలేదని, సంతకం జీపు దగ్గర చేశానని ఒక మధ్యవర్తి క్రాస్ ఎగ్జామినేషనులో ఒప్పుకున్నాడు. సోదాలో దొరికిన సాక్ష్యాన్ని కోర్టు స్వీకరించింది గానీ నమ్మలేదు. సంశయలబ్ధి (బెనిఫిట్ ఆఫ్ డౌట్) కింద మామ గారిని విడుదల చేసింది.

ఆ పాత కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మీ ఇంట్లో సోదా ఆ తేదీ తరువాత జరిగి ఉంటే, ముందు ఆ వీడియో నకలు కోసం వకీలు చేత దరఖాస్తు వేయించండి. జప్తు జాబితా నకలు మీ అన్నగారికి ఇచ్చారో లేదో, దాని మీద మధ్యవర్తుల సంతకాలు ఉన్నాయో లేదో చూసి, అందులోని బరువులను ఛార్జిషీటులోని బరువులతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి.