జ్వరం తర్వాతి వీర్య పరీక్ష

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాం. నా వయసు 30. పెళ్లయి రెండేళ్లయినా గర్భం రాకపోవడంతో నాకు పరీక్షలన్నీ చేసి, లోపమేమీ లేదన్నారు. ఆ తర్వాత మా వారికి డెంగ్యూ వచ్చింది. అది తగ్గిన ఐదు వారాలకు వీర్య పరీక్ష చేయిస్తే, మిల్లీలీటరుకు 60 లక్షల కణాలే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఆయన బాగా కుంగిపోయారు. ఇక మాకు పిల్లలు పుట్టరా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ ఒక్క రిపోర్టును బట్టి అంత నిర్ణయానికి రావద్దు. వృషణాల్లో ఒక వీర్యకణం రూపుదిద్దుకోవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆపైన ఎపిడిడైమిస్ అనే సన్నని నాళంలో ఒకటి రెండు వారాలు ప్రయాణించాక గానీ దానికి ఈదే శక్తి రాదు. అంటే నేడు పరీక్షకిచ్చిన కణాల తయారీ దాదాపు మూడు నెలల క్రితమే మొదలైందన్నమాట. వృషణాలకు శరీర ఉష్ణోగ్రత కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి కాబట్టే అవి పొట్ట వెలుపల ఉంటాయి. తీవ్ర జ్వరం వచ్చినప్పుడు తయారీలో ఉన్న కణాలు దెబ్బతింటాయి; ఆ లోటు జ్వరం తగ్గిన కొన్ని వారాలకు బయటపడుతుంది. మీ వారి పరీక్ష సరిగ్గా ఆ సమయంలోనే జరిగింది.

జ్వరం తగ్గి మూడు నెలలు నిండాక పరీక్ష మళ్లీ చేయించండి. అంతకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. నమూనా గంటలోపు ల్యాబుకు చేరాలి. మీ వైపు ట్రాఫిక్‌ను నమ్ముకోకుండా ల్యాబులోనే ఇవ్వడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పేర్కొన్న కనీస ప్రమాణం మిల్లీలీటరుకు 1.6 కోట్లు. అంతకన్నా తక్కువ ఉన్నంత మాత్రాన గర్భం రాదని కాదు. కణాల కదలికనూ, ఆకృతినీ కలిపి చూడాలి.

రెండోసారీ తక్కువే వస్తే యూరాలజిస్టును కలవండి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ వంటివి సరిచేయదగినవే. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే దాచకుండా చెప్పమనండి. అవి వీర్యకణాల తయారీనే ఆపేయగలవు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా మీకు పరీక్షలన్నీ ముగిశాక గానీ ఆయన వంతు రాకపోవడం నాకు బాధ కలిగించింది. ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టాల్సింది.

ఈలోగా ప్రయత్నం మానవద్దు. అండం విడుదలయ్యాక ఒక్క రోజుకు మించి బతకదు గానీ, వీర్యకణాలు గర్భాశయ మార్గంలో ఐదు రోజుల వరకూ ఉండగలవు. కాబట్టి నెలసరి ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు, తేదీలు లెక్కపెట్టుకోనక్కర్లేదు.